తొమ్మిది తీగల బుట్ట

మే 6, మంగళవారం

బాపు చెయ్యి పడిపోయినందుకు ఈ రోజు నన్ను ముగ్గురు అభినందించారు.

మొదట కిరాణా షాపు ఆమె. ఉప్పు ప్యాకెట్ చేతికిస్తూ, "ఇగ నీకు నౌకరి పక్కా గదనే రమా, మిఠాయి ఎప్పుడు పెడ్తవ్?" అంది. తర్వాత నల్లా దగ్గర వెనక లైను ఆమె. సాయంత్రం సంపతన్న ఏకంగా ఫైలు పట్టుకునే వచ్చాడు. సంపతన్న బాపు పనిచేసే గనిలోనే చేస్తాడు, యూనియన్‌లో తిరుగుతాడు, కాగితాల పని అంతా తెలుసు. "కాకా, దేవుడు నీ చెయ్యి తీస్కొని నీ బిడ్డకు నౌకరి ఇచ్చిండనుకో," అన్నాడు. మంచం మీద పడుకున్న బాపు నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆ నవ్వు ఇంకా ఒక పక్కకే వస్తోంది.

నాకు కోపం రావాలి కదా. రాలేదు. టీ పెట్టి ఇచ్చాను. చక్కెర కాస్త ఎక్కువే వేశాను.

ఈ కాలనీలో పుట్టిన పిల్లలకు ఎక్కాల కన్నా ముందు వచ్చే లెక్క ఇది. గనిలో పనిచేసే మనిషికి జబ్బు చేసి, కొత్తగూడెంలో మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' అని రాస్తే పిల్లల్లో ఒకరికి ఉద్యోగం. రిటైర్ కావడానికి రెండేళ్ల పైన సర్వీసు మిగిలి ఉండాలి. బాపుకు అంతకన్నా కొంచెమే ఎక్కువ ఉంది. అంటే మాకు ఈ బోర్డు ఒక్కటే. 'ఫిట్' అన్నా, 'గని పైన తేలిక పని చేయగలడు' అన్నా నాకు ఏమీ లేదు. బాపు రిటైర్ అయితే ఈ క్వార్టరు కూడా ఖాళీ చేయాలి.

అమ్మ పోయాక ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే పని మానేసి బాపును చూసుకుంటున్నాను. నాకు ముప్పై మూడేళ్లు. పక్క లైను భావ్య వాళ్ళ నాన్న నడవలేడని అన్‌ఫిట్ అయ్యాడు, దానికి ఓపెన్‌కాస్టు గనిలో ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే బూట్లు తొడుక్కుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని బస్సెక్కుతుంది. దాన్ని చూస్తే నా కడుపు మండిపోతుంది. కుళ్ళు కాదు.

కుళ్ళే.

మే 12, సోమవారం

ఏరియా దవాఖానలో ఫిజియోథెరపీ చేసే ఆయన చెప్పింది ఇది. "చేతికి పని పెట్టండమ్మా. మొదటి కొన్ని నెలల్లో ఎంత తిరిగొస్తే అంతే. పని లేక బిగుసుకుందంటే మళ్ళీ తెరుచుకోదు." గుప్పిట్లో పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక బాపు దాన్ని ఎడమచేత్తో కిటికీలోంచి బయటికి విసిరేశాడు. "నేనేమన్న సంటి పోరన్నా, బంతి పిసుకుతందుకు?" ఒక కుక్క దాన్ని నోట కరుచుకుని పోయింది. నేను దాని వెంట లైను చివరిదాకా పరిగెత్తాను. వాకిళ్లలో ఉన్నవాళ్లంతా నవ్వారు. బాపు మీదా కోపం వచ్చింది, కుక్క మీదా వచ్చింది. కుక్కను తిట్టాను.

మే 14, బుధవారం

రోడ్డు అవతలి ఇంటి హబీబున్నీసా ఖాలా వచ్చింది. ఆమె భర్త వజీర్ చాచా, బాపు ఒకే గనిలో పనిచేశారు. చాచా రిటైర్ అయిపోయాడు. వాళ్ళింట్లో చెత్తబుట్ట ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఖాలా ఏదీ పారెయ్యనివ్వదు. మాత్రలు అయిపోయిన రేకులు కత్తిరించి పూలు చేస్తుంది. పాల ప్యాకెట్లు జడల్లా అల్లి చాపలు చేస్తుంది. పాత పెళ్ళికార్డులన్నీ ఆమె ఇంట్లో పెట్టెలైపోయాయి. "నన్ను గూడ కత్తిరిస్తదేమోనని భయమైతది," అంటాడు చాచా.

ఈ రోజు ఆమె పాత బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చింది. మూత తీస్తే నిండా తీగలు. ఎరుపు, పసుపు, నీలం. గనిలో బొగ్గు పేల్చాక మిగిలిపోయే సన్నటి బ్లాస్టింగ్ తీగలు. ఇప్పుడు బయటికి రానివ్వరు కానీ, నా చిన్నప్పుడు కాలనీలో ఆ తీగ బుట్ట లేని ఇల్లు లేదు. అమ్మ మార్కెట్‌కు పట్టుకెళ్ళే బుట్ట బాపు అల్లిందే. సెలవు రోజు వాకిట్లో కూర్చుని అల్లుతుంటే నలుగురు చుట్టూ చేరి మాకు కూడా ఒకటి అనేవారు.

"సదయ్యన్నా, ఖాలీ కూసుంటే దిమాగ్ ఖరాబైతది. గివి నా దగ్గర ఎన్నేండ్ల సంది ఉన్నయి. నాకు అల్లరాదు. నువ్వు చెయ్యి," అంది ఖాలా.

"చెయ్యే లేకపాయె, ఏం చెయ్యమంటవ్ బేగం?" అన్నాడు బాపు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మే 15, గురువారం

మొహం ఇంకా గోడ వైపే ఉంది. డబ్బా మాత్రం మంచం కింద నుంచి మంచం మీదికి వచ్చింది. నేను పెట్టలేదు.

మే 22, గురువారం

బాపు ఒక చేప చేశాడు. చేప అని ఆయనే చెప్పాడు. దానికి కాళ్ళున్నాయి.

"కాళ్ళెందుకే బాపూ?" అంటే, "తీగ మిగిలింది, ఎటు పెట్టాలె?" అన్నాడు. ఎడమచేత్తోనే చేశాడు చాలావరకు. కుడిచెయ్యి రాయిలా కింద పెట్టి, దాని బరువు కింద తీగను అదిమి పట్టాడు. అయినా సరే, చివర్లో కుడి బొటనవేలు కొంచెం కదిలింది. నేను చూశాను. ఆయన కూడా చూసుకున్నాడు కానీ చూడనట్టు ముక్కు గోక్కున్నాడు.

ఖాలా ఆ చేపను తీసుకెళ్ళి వాళ్ళ షోకేసులో, కొడుకు తౌఫీఖ్ పెళ్ళిఫోటో పక్కన పెట్టింది. చాచా ఫోన్ చేసి, "అరే సదయ్యా, గీ జానవర్ ఏందిరా, దీనికి మేత ఏం పెట్టాలె?" అని అడిగాడు. బాపు పగలబడి నవ్వాడు. నవ్వు రెండు పక్కలకూ వచ్చింది.

జూన్ 3, మంగళవారం

కరెంటు లేదు. ఎండ మంట. తడి గుడ్డ మెడకు చుట్టుకుని బాపు వాకిట్లో నీడన కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు.

"నిలువు తీగలు బేసి ఉండాలె. తొమ్మిది పెట్టు. సరి సంఖ్య పెట్టినవంటే రెండో చుట్టుల తీగ మొదటి చుట్టు పోయిన తొవ్వలనే పోతది. అల్లిక కూసోదు. ఊసిపోతది."

తీగను కుడి బొటనవేలికీ చివరి మూడు వేళ్ళకూ మధ్య పట్టుకుంటున్నాడు. చూపుడు వేలు ఒక్కటే కొంకిలా వంగి ఉంది, అది రావట్లేదు. ఫిజియో ఆయన అయితే తెగ సంబరపడ్డాడు. "ఇంట్లో ఏం చేయిస్తున్నావమ్మా? నా దగ్గరికి వచ్చే మిగతా వాళ్ళకు కూడా చెప్తాను," అన్నాడు.

బాపు ఈ రోజు ఈల వేశాడు. అమ్మ పోయాక నేను వినలేదు ఆ ఈల. ఇంత సంతోషం ఈ మధ్య నేనెరగను. అన్నం కాస్త మాడినా ఇద్దరం ఏమీ అనుకోలేదు.

జూన్ 10, మంగళవారం

సంపతన్న వచ్చాడు. వాకిట్లో బాపు ఒళ్ళో సగం అయిన బుట్ట చూశాడు. మనిషి మొహం పాలిపోయింది. గబగబా గేటు వేసి, బుట్టను లాక్కుని లోపల పెట్టాడు.

"ఏం కాకా, నీకేమన్న మతి ఉన్నదా? నలుగురు పోయే తొవ్వల కూసొని బుట్టలు అల్లుతవా? బోర్డుల ఏం చేపిస్తరో ఎరుకేనా? గుండీ పెట్టుకో అంటరు, కింద పడ్డ పైస ఎత్తుమంటరు. నువ్వు గీ బుట్ట అల్లినవని తెలిస్తే ఫిట్ అని రాసి తోలిస్తరు."

"బోర్డు అయినంక అల్లుకుంటడు లే అన్నా," అన్నాను నేను.

"అయినంక గూడ లేదు చెల్లె. వాకిట్ల కూసొని అల్లుడు బందే. అన్‌ఫిట్ అయినోడు మంచిగ తిరుగుతున్నడని ఎవడో ఒకడు పిటిషన్ ఏస్తడు. కండ్లల్ల నిప్పులు పోసుకునేటోళ్ళు మస్తుమంది. నీ నౌకరి మీదికే వస్తది. అన్‌ఫిట్ అంటే జిందగీ మొత్తం అన్‌ఫిటే."

బాపు ఒంటి మీద రాలిన తీగ ముక్కలు ఒక్కొక్కటీ ఏరుకున్నాడు.

బోర్డు ఆగస్టులో.

జూన్ 12, గురువారం

ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయి. సన్న తీగ పని కళ్ళకు మంచిది కాదు. డబ్బా అటక మీద పెట్టాను.

జూన్ 16, సోమవారం

ఫిజియోకు వెళ్ళలేదు. ఆటో దొరకలేదు.

జూన్ 19, గురువారం

ఫిజియోకు వెళ్ళలేదు. వాన వచ్చేలా ఉంది.

జూన్ 20, శుక్రవారం

వాన రాలేదు.

జూన్ 23, సోమవారం

ఖాలా గేటు దగ్గర నిలబడి, "అన్న అల్లుతలేడు?" అని అడిగింది. తీరిక లేదన్నాను. మంచం మీద పడుకుని ఫ్యాను వైపు చూస్తున్న మనిషికి తీరిక లేదట. ఖాలా నా మొహంలోకి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అనొచ్చు కదా ఏదైనా. ఈ ముసలమ్మకు ఇంత మర్యాద ఎందుకో.

బాపుకు విశ్రాంతి కావాలని డాక్టర్లే అన్నారు. ఏ డాక్టర్ అన్నాడో గుర్తు లేదు.

జూన్ 26, గురువారం

పొద్దున టీ గ్లాసు బాపు కుడిచేతిలోంచి జారి పగిలింది. పెంకులు ఏరుతుంటే నాలో ఏదో తేలికైంది. బోర్డు ముందు కూడా ఇలాగే జారితే చాలు అనుకున్నాను.

అనుకున్నాను. రాశాను కూడా. కొట్టేయను.

జూన్ 29, ఆదివారం

ఖాలా ఈసారి గేటు దగ్గర ఆగలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి, నా చేతిలో గరిటె తీసుకుని పక్కన పెట్టింది.

"డబ్బ ఎక్కడ పెట్టినవ్?"

"అటక మీద. ఎండలకని..."

"అబద్ధం నాకు చెప్పు పర్వాలేదు. దేవునికి ఏం చెప్తున్నవ్? దండం పెట్టినప్పుడు ఏం అడుగుతున్నవ్ బిడ్డా?"

నాకు ఒళ్ళు మండింది. అరిచాను. "నీకేం ఖాలా, సొంతిల్లు ఉన్నది, మొగడున్నడు. బాపు రిటైర్ అయితే నేనెక్కడికి పోవాలె? ఏ బడిల ఇచ్చే జీతంతోని బతకాలె? నౌకరి అడుగుడు తప్పా?" అరుస్తూనే ఏడ్చాను. పొయ్యి మీద పప్పు పొంగి పోయింది.

ఖాలా స్టవ్ కట్టేసి, కింద కూర్చుంది. నన్నూ లాగి కూర్చోబెట్టింది.

"నేను గూడ అడిగిన," అంది. "మీ చాచాకు దమ్ము వస్తుండె, ఊపిరాడకపోతుండె చూడు, అప్పుడు. తౌఫీఖ్‌కు నౌకరి కావాలని. ప్రతి నమాజుల అడిగిన. మనిషి దగ్గుతుంటే లోపల ఖుషీ అయితుంటి. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటుంటి. అల్లా నా దుఆ ఇనలే. చాచా మంచిగైండు, రెండు కాళ్ళ మీద నడుచుకుంటనే రిటైర్ అయిండు. తౌఫీఖ్ జైపూర్ కరెంటు ప్లాంటుల కాంట్రాక్టర్ కింద చేస్తుండు, నౌకరి ఇయ్యాల ఉన్నది, రేపు ఉంటదో లేదో. బాధ లేదా అంటే ఉన్నది. కానీ ఇప్పుడు పొద్దుగాల లేస్తనే మీ చాచా నా మీద లొల్లి పెడ్తడు చూడు, 'నా పాత బ్లేడు ఎక్కడ దాచినవే' అని, గప్పుడు నాకు గుండె గుబేల్‌మంటది. గీ మనిషి గురించేనా నేను గట్ల అడిగిన అని."

లేచి మూలనున్న స్టూలు తెచ్చింది. అటక కింద వేసింది. ఎక్కు అనలేదు. వెళ్ళిపోయింది.

జూలై 1, మంగళవారం

డబ్బా దించి బాపు మంచం మీద పెట్టాను.

"పైన పెట్టు," అన్నాడు.

"ఎండలు తగ్గినయి కదా బాపూ. అల్లుకో."

"పైన పెట్టుమన్న."

నేను కదలలేదు. ఆయన లేచి కూర్చున్నాడు. "కూసో," అన్నాడు. "మొన్న గ్లాసు జారలే. నేనే ఇడిచిన."

అర్థం కాలేదు నాకు.

"నేర్చుకోవాలె కదనే. బోర్డుల పొయ్యి ఒక్కసారే చేస్తనంటే రాదు. డాక్టర్లు గుర్తుపడ్తరు. దినాం కొంచెం కొంచెం ఇడుసుడు నేర్చుకుంటున్న. సంపత్ చెప్పిన దినమే అనుకున్న. నువ్వు డబ్బ దాచకముందే నేను చెయ్యి దాచిన."

"నేను దాచిన అని నీకు తెలుసా?"

"స్టూలు ఎక్కుతుంటే సప్పుడు ఇనస్తది కదా, నేనేమన్న చెవిటోన్నా? మంచిగైంది, ఇద్దరం ఒక్క తొవ్వలనే ఉన్నం అనుకున్న."

నిజంగానే సంతోషంగా చెప్పాడు. ఆ మాటకు నేను చచ్చిపోయాను. ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చాను. నౌకరీ వద్దు ఏమీ వద్దు, చెయ్యి కావాలి అన్నాను. "పిచ్చిదానివా, బుక్కెడు బువ్వ ఎడమచేత్తోని గూడ తినొచ్చు," అని గోడ వైపు తిరిగాడు.

జూలై 3, గురువారం

ఫిజియోకు తీసుకెళ్ళాను. వేళ్ళు మూడు బిగుసుకున్నాయి. "పోయిన నెల తెరుచుకున్నాయి కదమ్మా. ఏం జరిగింది?" అన్నాడాయన.

"ఎండలు సార్," అన్నాను. బయట వాన పడుతోంది. ఆయన కిటికీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఇంకో నెల ఇలాగే ఉంటే నేను చేయగలిగేది ఏమీ ఉండదు," అన్నాడు.

ఇంటికొచ్చి బాపును బతిమాలాను, ఒట్టు పెట్టాను, అన్నం మానేస్తానన్నాను. "బోర్డు అయినంక," అన్నాడు. అప్పటికి తెరుచుకోదు అంటే, "తెరుచుకోకపోతే ఇంకా మంచిదే," అన్నాడు. ఇంత మొండి మనిషితో అమ్మ ఎట్లా వేగిందో.

జూలై 5, శనివారం

వాకిట్లో బాపుకు కనిపించేలా కూర్చుని నేనే బుట్ట మొదలుపెట్టాను. నిలువు తీగలు ఎనిమిది.

జూలై 6, ఆదివారం

ఎనిమిదే. రెండో చుట్టుకు తీగ పాత దారిలోనే పోయింది. మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. మంచం మీద బాపు దగ్గాడు.

జూలై 7, సోమవారం

మళ్ళీ ఎనిమిది. ఈసారి ఎరుపు, నీలం కలిపి, ఒక దానిలో ఒకటి ఇరికించి, చూడ్డానికే అసహ్యంగా అల్లాను. బాపు రెండుసార్లు దగ్గాడు. మంచం కిర్రుమంది. నేను తల ఎత్తలేదు.

జూలై 9, బుధవారం

"ఎనిమిదేందే! ఎనిమిదేంది!"

అన్నం గిన్నె పక్కకు తోసి మరీ లేచి వచ్చాడు. "లెక్కల టీచరమ్మవు, సరికి బేసికి ఫరక్ తెల్వదా నీకు? పిల్లలకు ఏం చెప్పినవే అన్నేండ్లు?"

"నాకెట్ల తెలుస్తది? నువ్వు చెప్పింది మర్చిపోయిన."

"నడుమల ఇంకోటి పెట్టు."

"నడుమల అంటే ఎక్కడ?"

"ఎక్కడనా? ఆ రెండింటి సందున. అటు కాదే. అటు కాదు, కింది నుంచి తియ్యి. కింది నుంచి అంటే పై నుంచి తీస్తవేంది? అగో! ఇటు తే!"

లాక్కున్నాడు. కుడిచేత్తో. కుడిచెయ్యి దానికదే ముందుకు వచ్చింది. వేళ్ళు తెరుచుకోలేదు. తిట్టుకుంటూ ఎడమచేత్తో వాటిని ఒక్కొక్కటీ విప్పి, మధ్యలో తీగ పెట్టి, మళ్ళీ మూసి, తొమ్మిదో తీగను సందులో దోపాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది ఆయనకు. బుట్ట వైపు చూశాడు, చేతి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మీ అమ్మను మించినవే నువ్వు," అన్నాడు.

కానీ బుట్ట కింద పెట్టలేదు. వంకర అల్లిక చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాదు. చుట్టు పూర్తయ్యేదాకా తిడుతూనే అల్లాడు.

జూలై 20, ఆదివారం

మా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. పొద్దున తలుపులు వేసుకుని లోపల అల్లుతాడు, ఫిజియోకు కూడా వస్తాడు. బోర్డు ముందు మాత్రం చెయ్యి తెరవడు. నేను నోరు తెరవకూడదు.

సరే అన్నాను. ఇందులో తప్పేముంది? చెయ్యీ ఉంటుంది, నౌకరీ ఉంటుంది. రెండూ కావాలనుకోవడం దురాశ కాదు. ఎవరి సొమ్మూ దోచుకోవట్లేదు. భావ్య వాళ్ళ నాన్న మాత్రం నిజంగా నడవలేడా ఏం.

పొద్దున అల్లుతాడు, మధ్యాహ్నం చెయ్యి వేలాడేయడం సాధన చేస్తాడు. ఒక ఇంట్లో ఇద్దరు బాపులు. ఖాలాకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆగస్టు 2, శనివారం

ఈ రోజు నోరు వంకర పెట్టడం కూడా మొదలుపెట్టాడు. అద్దంలో చూసుకుని, నా వైపు తిరిగి, "ఎట్లున్నది?" అన్నాడు.

"జర ఎక్కువైంది," అన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు కోయకుండానే ఏడ్చాను.

ఆగస్టు 8, శుక్రవారం

నిన్నటిది రాయాలి.

వరంగల్‌లో బస్సు మారి కొత్తగూడెం చేరాం. బోర్డు గది బయట మా లాంటి వాళ్ళు చాలామంది. పక్కన కొడుకులో, కూతుళ్ళో. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడట్లేదు. సంపతన్న ముందు రోజే బాపుకు చొక్కా గుండీలు తప్పుగా పెట్టి పంపమన్నాడు. నేనే పెట్టాను. ఒకటి కింద, ఒకటి పైన.

లోపల ముగ్గురు డాక్టర్లు. చూసింది మాత్రం ఒకామె. చెయ్యి ఎత్తమంది. బాపు సగం ఎత్తి వదిలేశాడు. వేళ్ళు తెరవమంది. తెరవలేదు. ఆమె తన చేత్తో మెల్లగా విప్పబోయింది. బాపు ఇంకా బిగించాడు. కణతల దగ్గర చెమట పట్టింది ఆయనకు.

"ఇంట్లో ఏ పనులు చేసుకోగలరు?"

"ఏం చాతగాదు మేడం," అన్నాడు బాపు, నాలుక మందమైనట్టు. "అన్నం గూడ బిడ్డనే తినిపిస్తది."

చెయ్యి పడిపోయిన మొదటి వారంలో కూడా ఆయన నన్ను తినిపించనివ్వలేదు. ఎడమచేత్తో, చొక్కా అంతా పోసుకుంటూ, తనే తిన్నాడు. నేను ముద్ద కలిపితే గిన్నె తోసేశాడు. ఆ మనిషి ఇప్పుడు ముగ్గురు కొత్తవాళ్ళ ముందు నోరు వంకర పెట్టి, నా బిడ్డ తినిపిస్తుంది అంటున్నాడు. రేపు ఉద్యోగం వస్తే ఇక రోజూ ఇదే. తలుపు చప్పుడైతే బుట్ట దాచాలి. వీధిలో నడిస్తే చెయ్యి వేలాడేయాలి. నేను బూట్లు తొడుక్కుని బస్సెక్కుతుంటే ఈయన కిటికీలు మూసుకుని లోపల కూర్చోవాలి, బతికినంత కాలం.

"ఇంట్లో కూడా ఇలాగేనా అమ్మా?" అని డాక్టర్ నన్ను అడిగింది. బాపు నా వైపు చూశాడు. నోరు తెరవకు అని ఆ చూపు.

"కాదు మేడం," అన్నాను. "తన చేత్తోనే తింటడు. తీగలతో బుట్టలు అల్లుతడు."

"అబద్ధం మేడం!" బాపు గొంతు ఒక్కసారిగా మామూలైపోయింది. "దీనికి నౌకరి చేసుడు బద్ధకం. గందుకే గిట్ల చెప్తున్నది."

"బద్ధకం లేదు మేడం. నాకు ఆ నౌకరి కావాలె. మస్తు కావాలె. కానీ మా బాపుకు చెయ్యి వస్తున్నది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "తెరవండి సదయ్య గారూ," అంది. గట్టిగా కాదు. బాపు నన్నే చూస్తూ గుప్పిట విప్పాడు. మూడు వేళ్ళు, బొటనవేలు తెరుచుకున్నాయి. చూపుడు వేలు మాత్రం ఎప్పటిలా కొంకిలా వంగే ఉంది. నటన కాదది, ఇంకా రాలేదు. ఆమె దాన్ని పట్టుకుని చూసి ఏదో రాసుకుంది. గని పైన తేలికపాటి పని, ఫిజియో కొనసాగించాలి. అంతే. మా వెనకాల ఉన్న వాళ్ళను పిలిచారు.

నౌకరి పోయింది. ఎవరో లాక్కోలేదు, నేనే పోగొట్టుకున్నాను. గొప్ప పని చేశానని ఏమీ అనిపించలేదు. ఇప్పుడు రాస్తున్నా అనిపించట్లేదు. నిన్న ఆసుపత్రి మెట్లు దిగుతుంటే, వెనక్కి పరిగెత్తి, అబద్ధం చెప్పాను మేడం, మా బాపుకు ఏమీ రాదు అని చెప్పాలనిపించింది. ఒక మెట్టు ఎక్కాను కూడా.

బాపు నాకోసం ఆగకుండా ముందు నడిచాడు. బస్టాండ్‌లో బెంచీ మీద నేను కూర్చోగానే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇక మొదలుపెట్టాడు.

"నీకు బుద్ధి ఉన్నదా? జిందగీ మొత్తం ఆ బొక్కల దిగి ఎక్కిన. ఏమిచ్చిన నీకు? బంగారమిచ్చిన్నా, భూమి ఇచ్చిన్నా? ఇచ్చేటందుకు నా తాన గిదొక్కటే ఉండె. గది గూడ నీ నోటితోని నువ్వే చెడగొట్టుకుంటివి. రేపు నేను పోతే నిన్నెవలు చూస్తరే? ఆ బుట్టలు పెడ్తయా బువ్వ?"

చుట్టూ జనం చూస్తున్నారు. బఠాణీలు అమ్మే ఆమె బుట్ట దించి నిలబడి మరీ వింటోంది. నాకు సిగ్గేసింది, తల వంచుకున్నాను. "తల ఎత్తు! చెప్తుంటే ఎటు చూస్తున్నవ్?" అని కసిరాడు.

తల ఎత్తాను. నా ముక్కుకు జానెడు దూరంలో ఆయన వేలు ఆడుతోంది. కుడిచేతి చూపుడు వేలు. తిన్నగా, నిటారుగా, నన్నే చూపిస్తూ.

ఆయన చూసుకోలేదు. కోపంలో ఉన్నాడు. ఆ వేలితో నన్ను పొడిచినంత పని చేస్తూ, బద్మాష్ అన్నాడు, మొండిముండ అన్నాడు, నీ బతుకు నువ్వే కాలబెట్టుకున్నవ్ అన్నాడు.

బస్సు వచ్చేదాకా తిట్టాడు. నేను ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు, ఎక్కడ చెయ్యి దించేస్తాడో అని.